చెరువు నిండుగా ఉన్నా కప్పల అరుపులు ఎందుకు తగ్గాయి?

"చంద్రగిరి పక్కన మా ఊరి చెరువు రెండేళ్లుగా ఎండలేదు. అయినా వానలప్పుడు కప్పల అరుపు మునుపటంత లేదు, ఎందుకు?" అని ఒకరు అడిగారు. చెరువు ఎండకపోవడమే కారణమని నా గట్టి అభిప్రాయం.

ఏటా ఎండే కుంటలో చేప మిగలదు. ఎండని చెరువులో కొరమీను, వాలుగ, తిలాపియా ఏళ్ల తరబడి ఉండి గుడ్లనూ తోకకప్పలనూ తినేస్తాయి. అక్కడ నీటిమీద గెంతుతూ పోయే మామూలు నీటికప్పా, పిల్లలు చేపలకు రుచించని గోండ్రుకప్పా నిలదొక్కుకుంటాయి. మిగతావి తగ్గిపోతాయి.

అలాగని నీళ్లు మరీ తొందరగా ఎండినా కష్టమే. బోదురుకప్పనే చూడండి. మొదటి పెద్దవాన పడ్డ రాత్రి మగవి నిమ్మపండు పసుపుకు తిరిగి, గొంతుకు రెండు పక్కలా నీలం తిత్తులు ఉబ్బించి అరుస్తాయి. ఒకటి రెండు రాత్రుల్లో అంతా అయిపోతుంది. గుడ్లు పెట్టేది గడ్డి మునిగిన లోతులేని అంచుల్లో. అక్కణ్ణుంచి పిల్లకు కాళ్లు వచ్చి గట్టెక్కడానికి నెల పైన పడుతుంది. జూన్, జూలై జల్లులను నమ్మి గుడ్లు పెడితే, తర్వాత మూడు వారాలు వాన మొహం చాటేస్తే అంతా ఎండిపోతుంది. చెట్టుకప్పది ఇంకో తిప్పలు. నీటికి పైన కొమ్మకు నురుగు గూడు కడుతుంది, పిల్లలు కిందికి జారిపడతాయి. ఆలోపు నీళ్లు వెనక్కి తగ్గితే పడేది ఎండు బురదలో. మన పక్క చెరువులు ముఖ్యంగా నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాలకే కనుక, అప్పుడు నిండి వేసవికి ఎండే కుంటే అన్నిటికన్నా మేలు.

2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు కదా. అంతటి వానకు మొరవలు (చెరువు నిండాక మిగులు నీరు పొర్లే చోట్లు) పారితే పై చెరువు చేపలు వంకల వెంబడి కుంటల్లోకి దిగుతాయి. ఆ కుంట మరుసటి వేసవిలో ఎండితే సరే, లేదంటే చేపలు అక్కడే పాతుకుపోతాయి. దీనికి తోడు దోమలకని గంబూసియా అనే, దోమ పిల్లలను తినే చిన్న చేపను ప్రతి గుంటలోనూ వదలడం నాకు అసలు నచ్చదు. అది తోకకప్పల తోకలు కొరికేస్తుంది. పూడిక తీసే పేరుతో జేసీబీతో అంచులను గోడల్లా నిలువుగా కోసేయడం అంతకన్నా ఘోరం, గుడ్లు పెట్టే చోటే పోతుంది.

చేయగలిగింది ఉంది. మొరవ నీరు చేరని ఎత్తున, చెరువుకు కాస్త ఎడంగా చిన్న కుంట తీయించండి. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, నడుమ ముప్పావు మీటరు లోతు చాలు. కనీసం ఒక పొడుగు అంచైనా అయిదడుగులకు ఒక అడుగు మాత్రమే దిగాలి. గరుసు నేలైతే చెరువు వండ్రు నాలుగు వేళ్ల మందం పరిచి తడిపి దిమ్మిస వేయండి. గీతలు పెట్టిన కర్ర ఒకటి నడుమ పాతండి. చలికాలపు ఎండకు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గడం మామూలే. అంతకు బాగా మించితే అడుగున ఇంకుతోందని అర్థం. పిల్లలకు కాళ్లు రాకముందే నీరు అరడుగుకు దిగితే సాయంత్రాలు బోరు నీళ్లు కొద్దికొద్దిగా వదలండి. క్లోరిన్ కలిసిన కొళాయి నీళ్లు వద్దు. తుంగ పీకొద్దు. వేసవిలో ఎండిన అడుగునూ గట్లనూ తవ్వొద్దు, మట్టిలో దూరి నిద్రపోయే గుండ్రటి కప్పలు అక్కడే ఉంటాయి.