గతం గుర్తులేని హీరో కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ సినిమా కథ శ్రద్ధగా చదివాను. మొదలుపెట్టిన తీరు బాగుంది. ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరిచిన మనిషికి భార్య కనిపించదు. చొక్కా మీదున్న రక్తం అతనిది కాదని నర్సు చెబుతుంది. ఇక్కడ ఎవరైనా సీట్లో ముందుకు జరుగుతారు. తర్వాతి పది సీన్లలో మళ్లీ వెనక్కి వాలిపోతారు. కారణం చెబుతాను. మూడో సీన్‌లో హీరోకి సొంత పేరే తెలియదు. ఏడో సీన్‌లో ఐదేళ్ల కిందట స్నేహితుడికిచ్చిన అప్పు గుర్తుకొచ్చింది. పదకొండో సీన్‌లో పొద్దున కలిసిన పోలీసుని సాయంత్రానికి మర్చిపోయాడు. ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలు కావు. కథకి ఎప్పుడు ఏది అవసరమైతే అప్పుడు అది మర్చిపోయే మనిషి గురించి ఎవరూ భయపడరు. అతని వెనక రచయిత కనిపించిపోతాడు.

కాబట్టి ముందు జబ్బు తేల్చుకో. తలకి దెబ్బ తగిలినవాడికి సాధారణంగా పోయేది దెబ్బకి ముందున్న కొంతకాలం. అది నిమిషాలు కావచ్చు, నెలలు కావచ్చు. దగ్గరి గతం ముందు పోతుంది, దూరపు గతం నిలుస్తుంది. ఫ్రాన్స్‌లో తెయొడ్యూల్ రిబో అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతి 1881లోనే రాశాడు. పేరు, అమ్మ ముఖం, చిన్నప్పటి బడి, మాట్లాడే భాష మిగిలే ఉంటాయి. మిగతా తెలివంతా ఉండి పేరొక్కటీ, తానెవరన్నదీ పోయిందంటే అది చాలావరకు మనసుకి తగిలిన దెబ్బ. అలాంటివాడు కొత్త సంగతులు మామూలుగానే గుర్తుపెట్టుకుంటాడు. పొద్దున కలిసిన పోలీసుని మర్చిపోడు.

నీ పదకొండో సీన్‌కి సరిపోయేది ఇంకో రకం. పాతది ఉంటుంది, కొత్తది నిలవదు. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం రెండువైపులా దెబ్బతింటే ఇలా అవుతుంది. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ రోగికి 27 ఏళ్ల వయసులో, 1953లో, మూర్ఛలు తగ్గించడానికి ఆపరేషన్ చేసి ఆ భాగాల్ని చాలావరకు తీసేశారు. 2008లో చనిపోయేదాకా కొత్త ముఖం గానీ కొత్త సంఘటన గానీ అతనిలో దాదాపు నిలవలేదు. తెలివితేటలు మాత్రం తగ్గలేదు, సంభాషణ మామూలుగా సాగేది. మన పనికి అక్కరకొచ్చే విషయం ఇంకొకటుంది. చెప్పిన అంకెని మనసులో వల్లెవేస్తున్నంతసేపూ అతను దాన్ని పట్టుకోగలిగేవాడు. ధ్యాస మళ్లిందంటే అంకె పోయేది, అంకె చెప్పారన్న సంగతీ పోయేది.

అంటే జ్ఞాపకాన్ని చెరిపేది అంతరాయం. ‘పది నిమిషాలకోసారి మర్చిపోతాడు’ అని గడియారం పెట్టి రూల్ రాసుకునేవాళ్లు ఈ రకం కథలో దొరికే మంచి టెన్షన్‌ని వదులుకుంటున్నారు. నీ హీరో భార్యని తీసుకెళ్లిన కారు నంబరు చూశాడనుకో. జేబులో పెన్ను లేదు, ఫోన్ ఇంట్లో ఉంది. నాలుగంకెలూ పెదాలతో అనుకుంటూ మెట్లెక్కుతున్నాడు. పక్కింటావిడ పలకరించింది. తలూపాడు గానీ అనుకోవడం ఆపలేదు. తాళాలగుత్తిలో ఏ తాళం? ఒక అంకె జారింది, మళ్లీ దొరికింది. లోపలికొచ్చాడు, పెన్ను కనపడింది, కాగితం లాక్కున్నాడు. ఫోన్ మోగింది. ఈ సీన్‌కి డైలాగ్ అక్కర్లేదు. హాల్లో జనం కూడా ఆ నాలుగంకెలే అనుకుంటూ ఉంటారు. ఫోన్ పెట్టేశాక చేతిలో పెన్ను ఎందుకుందో అతనికి తెలియదు, వాళ్లకి తెలుసు. అయితే మెట్ల దగ్గరికి రాకముందే ఆ అంకెలు రెండుసార్లు స్పష్టంగా వినపడాలి. అంకెలు నాలుగు మించితే ప్రేక్షకుడే వదిలేస్తాడు, అప్పుడు సీన్ పండదు.

ఇంకొక రకం ఉంది, థ్రిల్లర్లలో దాన్ని ఎందుకో తక్కువ వాడతారు. ఉన్నట్టుండి కొన్ని గంటలపాటు కొత్తదేదీ ఎక్కదు. మనిషి తనెవరో చెప్పగలడు, ఇంట్లోవాళ్లని గుర్తుపడతాడు. ‘నేనిక్కడికి ఎలా వచ్చాను’ అని అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడుగుతాడు. ఒక రోజు తిరక్కముందే మామూలవుతాడు గానీ, ఆ గంటలు మాత్రం ఎప్పటికీ తిరిగి రావు. హత్య సరిగ్గా ఆ గంటల్లో జరిగిందనుకో. పూర్తి తెలివితో, పూర్తి గతంతో ఉన్న మనిషి తన జీవితంలో ఒక్క సాయంత్రానికి మాత్రం సాక్ష్యం చెప్పలేడు. కాకపోతే ఇది ఎక్కువగా యాభై దాటినవాళ్లకి వస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ల హీరోకి అంటించకు, మామగారి పాత్రకి ఇవ్వు.

జబ్బు తేలాక ఒకే ఒక్క పేజీలో రూల్ రాయి. ఏది పోయింది, ఏది మిగిలింది, ఏం జరిగితే చెరిగిపోతుంది, ఈ సంగతి ఎవరెవరికి తెలుసు. సినిమాలో పదిహేనో నిమిషం లోపల ఈ రూల్ మొత్తం జరిగే పనిలో కనపడాలి. డాక్టర్ మెదడు బొమ్మ చూపించి వివరించే సీన్ తీసేయ్. హీరో నర్సుకి తన పేరు చెప్పి, ఆమె పేరు అడగాలి. ఆమె బయటికెళ్లి మందులు తెచ్చాక మళ్లీ అదే నవ్వుతో అదే ప్రశ్న అడగాలి. రూల్ అర్థమైపోతుంది.

తర్వాత పట్టిక. కథ ఎక్కడ నిలుస్తుందో ఎక్కడ జారుతుందో ఇక్కడే తేలుతుంది, అందుకే దీనిమీద ఓపిక పెట్టమంటున్నాను. ప్రతి సీన్‌కీ నాలుగు గడులు గీయి: సీన్ నంబరు, హీరోకి తెలిసింది, ప్రేక్షకుడికి తెలిసింది, ఎదుటివాడికి తెలిసింది. హీరో గడి మాత్రం నీ రూల్ ప్రకారం చెరుపుతూ పోవాలి. అందరూ చేసే పొరపాటు, హీరోకి ఏమీ తెలియదు కదా అని ప్రేక్షకుడికీ ఏమీ తెలియనివ్వకపోవడం. అది మూడు నాలుగు సీన్లు మించితే ఉత్కంఠ పోయి గందరగోళం మిగులుతుంది. ప్రేక్షకుడి గడి హీరో గడి కంటే ముందుకెళ్లాలి. నీ కథలో ‘తమ్ముణ్ని’ అని చెప్పుకుని వచ్చేవాడు అబద్ధమని క్లైమాక్స్‌లో బయటపెట్టావు. నాలుగో సీన్‌లోనే వాడు పార్కింగ్‌లో కూర్చుని హీరో ఫొటో వెనక ఉన్న పేర్లు బట్టీపట్టడం చూపించేయ్. తొమ్మిదో సీన్‌లో హీరో ‘ఎప్పుడొచ్చావురా’ అంటూ తలుపు తీస్తే హాల్లో ఊపిరాడదు. చివరి ట్విస్ట్ ఒకటి పోతుంది, నిజమే. దానికి బదులు నలభై నిమిషాల భయం దక్కుతుంది. నా లెక్కలో ఈ బేరం ఎప్పుడూ లాభమే.

చీటీలు, ఫొటోలు, రికార్డింగులు ఎక్కువ పెట్టకు. ఐదారు చాలు. ప్రతిదానికీ ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఇంకెవరి చేతికి అందుతుంది అన్నవి నీకు తెలిసుండాలి. ఒక చీటీ మార్చేస్తారంటే, మారకముందు దాన్ని కనీసం రెండుసార్లు చూపించాలి. లేకపోతే మార్పు ఎవరికీ అర్థం కాదు. మొబైల్‌ని పగలగొట్టి వదిలించుకోవడం పాత తప్పించుకునే దారి. కాల్ లిస్టు, లొకేషన్, తేదీ టైముతో ఫొటోలు, అన్నీ ఉన్న ఫోన్‌ని హీరో చేతిలోనే ఉంచు. అందులో హత్య జరిగిన రాత్రి పదకొండింటికి తను నవ్వుతూ దిగిన ఫొటో ఉంటే? ఆధారం ఉండటం, లేకపోవడం కంటే భయంకరం కావాలి. అన్నిటికంటే బలమైనది హీరో కావాలనే తనకి తాను అబద్ధం రాసిపెట్టుకోవడం. ఎందుకు రాసుకున్నాడన్నది సినిమాని చివరిదాకా మోయగలదు.

శరీరం మర్చిపోదన్నదీ వాడుకో. స్విస్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వార్ క్లాపరేద్ 1911లో ఒక రోగి గురించి రాశాడు. ఆయన చేతిలో గుండుసూది దాచి ఆమెతో కరచాలనం చేశాడు. ఆ తర్వాత సూది సంగతి ఆమెకి గుర్తులేదు. అయినా మళ్లీ చెయ్యి చాపితే ఇవ్వలేదు. నీ హీరో కూడా ఆ ‘తమ్ముడు’ ఇచ్చిన నీళ్లగ్లాసు ఎందుకో తాగకుండా పక్కన పెట్టొచ్చు. కానీ దీన్ని పెంచి, ఉన్నట్టుండి పదిమందిని కొట్టే విద్య ఇవ్వకు. చేతులకి తెలిసిన విద్య ఏదైనా, దెబ్బ తగలకముందే నేర్చుకుని ఉన్నట్టు ముందు ఎక్కడో చూపించి ఉండాలి.

ఫ్లాష్‌బ్యాక్ ఎవరిదో తేల్చకుండా రాయొద్దు. హీరో ఊహ అయితే అందులో ఒక తప్పు మొదటిసారి నుంచే ఉండాలి: గోడ గడియారం వేరే గోడకి ఉండటం, చీర రంగు వేరే కావడం. అప్పుడు నిజం తెలిశాక ప్రేక్షకుడు మోసపోయానని తిట్టుకోడు, చూసి కూడా పట్టుకోలేకపోయానే అనుకుంటాడు. మెరుపులా వచ్చే ముక్కలు రెండు మూడు సెకన్లు మించకూడదు. ప్రతిసారీ ఒక్క కొత్త వివరం చేరాలి. లేకపోతే నాలుగోసారికి విసుగొస్తుంది.

ఇక నీ క్లైమాక్స్. గోడకి తల కొట్టుకుని అంతా గుర్తుకురావడం తీసేయ్. రెండో దెబ్బ మెదడుని ఇంకా చెడగొడుతుంది, బాగుచేయదు. పైగా దెబ్బ తగిలిన క్షణం, దానికి కాస్త ముందు జరిగింది చాలామందికి ఎప్పటికీ తిరిగిరావు. ఆ జ్ఞాపకం గట్టిపడకముందే చెదిరిపోతుంది. ఈ అడ్డంకిని అలాగే ఉంచు, దాన్నించే క్లైమాక్స్ తియ్యి. చీటీలూ ఫొటోలూ పక్కింటావిడ మాటలూ కలిపితే, భార్యని చంపింది తనేనని రుజువవుతుంది అనుకుందాం. అతనికి మాత్రం ఆమె మీద ప్రేమ తప్ప ఏమీ గుర్తులేదు. ఆ రుజువుని నమ్ముతాడా? పోలీసులకి తనే ఇస్తాడా? లేదా కాగితాలు కాల్చేసి, మరుక్షణం ఎందుకు కాలుస్తున్నాడో కూడా మర్చిపోతాడా? ఏది ఎంచుకున్నా ఆ నిర్ణయం అతనిదే కావాలి. జ్ఞాపకం వచ్చి అతని తరఫున కథ ముగించకూడదు.

రాసింది పరీక్షించాలంటే సినిమా పనితో సంబంధం లేని ముగ్గురికి నెరేషన్ ఇవ్వు, అంటే కథంతా నోటితో చెప్పి వినిపించు. ఇంటర్వెల్ దగ్గర ఆపి ‘ఇప్పుడు హీరోకి ఏమేం తెలుసు’ అని ఒక్కొక్కరినీ విడిగా అడుగు. ఇద్దరు వేర్వేరు జవాబులు చెప్తే, పట్టికలో వెనక్కెళ్లి తేడా ఏ సీన్‌లో మొదలైందో వెతుకు. నీకు నచ్చిన సీనే దోషి కావచ్చు, దాన్ని కాపాడాలని చూడకు. కథ జరిగిన వరసని తేదీలు, టైముతో వేరే కాగితం మీద రాసి ఉంచు. గడ్డం, కట్టు, చొక్కా మరకలు ఆ కాగితం ప్రకారమే మారాలి. సెట్‌లో కంటిన్యూటీ చూసే అసిస్టెంట్ నిన్ను ముందు అడిగేది అదే.

డైలాగులు ఇప్పుడే రాయొద్దు. ముందు రూల్ పేజీ, మొదటి ఇరవై సీన్ల పట్టిక పంపు. ఆ ‘తమ్ముడి’ పేరు మార్చావో లేదో కూడా రాయి. హీరో పేరూ అతని పేరూ ఒకే అక్షరంతో మొదలవుతున్నాయి, నెరేషన్‌లో వినేవాళ్లు కలిపేసుకుంటారు.

ఉంటాను,
మీ అన్నయ్య