ఎలుకలకు అల్జీమర్సే రాదంటారు, మరి ఎలుకల మీద అల్జీమర్స్ పరిశోధన చేసే ల్యాబ్‌లో చేరడం దండగేనా?

మీరు విన్నది నిజమే. మామూలు ఎలుక ముసలిదై చచ్చిపోతుంది గానీ దాని మెదడులో అమిలాయిడ్ ప్లాక్‌లు, అంటే ఈ జబ్బులో పేరుకునే ప్రోటీన్ గడ్డలు, కట్టవు. అయినా దండగ అనను. బెంగళూరులో మీకు వచ్చినటువంటి ప్రాజెక్ట్ అసిస్టెంట్ ఉద్యోగమే నేనూ మూడేళ్లు చేశాను. ఎలుకల గది వాసన ఒంటిని వదలక, మెజెస్టిక్ బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

మా దగ్గరున్నవి 5ఎక్స్‌ఫ్యాడ్ రకం. చిన్న వయసులోనే ఈ జబ్బు వచ్చే కుటుంబాల్లో దొరికిన ఐదు జన్యు మార్పులు, ఏపీపీ అనే జన్యువులో మూడు, ప్రిసెనిలిన్-1 అనే జన్యువులో రెండు, ఒకే ఎలుకలో పెట్టారు. రెండో నెలకే ప్లాక్‌లు మొదలవుతాయి. కానీ మనుషుల్లో లాగా టౌ అనే ఇంకో ప్రోటీన్ కణాల్లో చిక్కుముడులు పడదు. అందుకే నా దృష్టిలో అది అల్జీమర్స్ ఎలుక కాదు, అమిలాయిడ్ ఎలుక.

ఇన్‌ఫ్లమేషన్, అంటే మెదడులో రోగనిరోధక కణాల స్పందన, చూడాలంటే మాత్రం దీన్ని మించింది లేదు. మెదడులోని ఆ రోగనిరోధక కణాలకి, అంటే మైక్రోగ్లియాకి, రంగు వేసి చూడండి. దూరంగా ఉన్నవి సన్నటి కొమ్మలు చాచుకుని ఉంటాయి. ప్లాక్ దగ్గరివి కొమ్మలు ముడుచుకుని, ఉబ్బి, బెల్లం ముక్కకు చీమలు పట్టినట్టు మూగుతాయి. ట్రెమ్2 జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకి అల్జీమర్స్ ముప్పు ఎక్కువని 2013లో తేలింది. ఎందుకో ఎలుకే కొంత చెప్పింది: ఆ జన్యువు తీసేస్తే మైక్రోగ్లియా సరిగా మూగవు.

ఇక జ్ఞాపకశక్తి పరీక్షలో మా ఘనకార్యం. తెల్లనీళ్ల తొట్టిలో మునిగి ఉన్న పలకను ఎలుక గుర్తుపెట్టుకుని వెతుక్కోవాలి. మావి ఆరూ గోడ వెంబడే తిరిగాయి. మతిమరుపు వచ్చేసిందని సంబరపడి గ్రాఫులు కూడా గీశాం. "కళ్లు కనిపిస్తున్నాయా వాటికి?" అని అడిగారొక సీనియర్. మేం పెంచిన సంకరంలో ఆర్‌డీ1 అనే జన్యులోపం ఉండొచ్చు, రెండు కాపీలూ వస్తే కొన్ని వారాల్లోనే చూపు పోతుంది. పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేస్తే నాలుగు గుడ్డివి! రెండు నెలల పని నీళ్లపాలు, అక్షరాలా.

మందుల సంగతి వేరు. 1999లో అమిలాయిడ్ టీకా ఎలుకల్లో ప్లాక్‌లు తగ్గించింది. మనుషులకి ఇస్తే సుమారు 6 శాతం మందికి మెదడు వాపు రావడంతో 2002లో ఆపేశారు. ఎలుకల్లో అది కనపడలేదు.

ఇంటర్వ్యూలో ఏ రకం ఎలుకలని అడగండి, ఆర్‌డీ1 పరీక్ష చేస్తారా అని కూడా. మొహమొహాలు చూసుకుంటే ఇంకో ల్యాబ్ వెతుక్కోండి.