బ్యాండ్ వదిలి సంఘంలోకి వస్తున్న తమ్ముడికి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి, వందనాలు.

ఇన్నేళ్లు బ్యాండ్‌లో గిటార్ వాయించిన చేత్తో ఇక క్రైస్తవ పాటలు కట్టాలనీ, నీ సాక్ష్యం పుస్తకంగా తేవాలనీ రాశావు. చదివి చాలా సంతోషించాను. కానీ స్టూడియో బుక్ చేయకు. ముందు కాగితాల పని, తర్వాత పాట, అన్నిటికంటే చివర పుస్తకం. ఈ వరుస తప్పితే మూడింటికీ నష్టమే.

కెర్రీ లివ్‌గ్రెన్ సంగతి చూడు. అమెరికాలో కాన్సాస్ అనే రాక్ బ్యాండ్‌కు గిటార్, కీబోర్డు వాయిస్తూ దాని పేరుమోసిన పాటలు రాసినవాడు. 1979లో క్రీస్తును నమ్ముకున్నాడు, కానీ ఆ మర్నాడే బ్యాండ్ విడిచిపెట్టలేదు. 1980లో ‘సీడ్స్ ఆఫ్ చేంజ్’ అనే సొంత ఆల్బమ్ తెచ్చాడు, 1983లో బయటికి వచ్చి, బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించిన డేవ్ హోప్‌ను కలుపుకొని ఏ.డి. అనే బృందం కట్టాడు. ఆ బృందం క్రైస్తవ మార్కెట్ దాటి వెళ్లకుండా పాత ఒప్పందాలే అడ్డుపడ్డాయి. అంతటివాడికే ఆ చిక్కు తప్పలేదు, అందుకే కాగితాలు ముందు అంటున్నాను.

ఒక తెల్లకాగితం మీద బ్యాండ్ పాటలన్నీ వరుసగా రాయి. ప్రతి పాటకూ నాలుగు గడులు: సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, రికార్డింగ్ ఎవరు చేయించారు, ఎవరికి ఎంత వాటా. పాట నీదే అయినా ఆ రికార్డింగ్ మాత్రం చేయించినవారిది, కాబట్టి పాత ట్రాక్‌నే తెచ్చి కొత్త ఛానెల్‌లో పెట్టకూడదు. బాణీలో ఇంకొకరికి భాగం ఉంటే మళ్లీ రికార్డు చేయడానికి వాళ్ల అంగీకారం రాతపూర్వకంగా తీసుకో. బ్యాండ్ పేరు, యూట్యూబ్ ఛానెల్ ఎవరికి ఉంటాయో కూడా అదే కాగితంలో రాసి అందరి చేతా సంతకాలు పెట్టించు. సినిమాకో ఆల్బమ్‌కో పాట రాసినవాడు తన సమాన వాటా రాయల్టీని కంపెనీకి వదిలేస్తున్నట్టు సంతకం చేసినా చెల్లదని మన దేశ కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ చెబుతోంది. హక్కులు రాసిచ్చిన పత్రంలో గడువు లేకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకేననీ అదే చట్టం లెక్క. మన క్రైస్తవ ఆడియో ఒప్పందాలు చాలావరకు ఒక పేజీలో, ఈ రెండూ లేకుండానే ఉంటాయి. నువ్వు మాత్రం రాయించుకో.

ఇక పాట. బ్యాండ్‌లో నువ్వు వాయిస్తే జనం విన్నారు. సంఘంలో జనం పాడాలి, నువ్వు వాళ్లకు తోడు వాయించాలి. బ్యాండ్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ మార్పు దగ్గరే.

మొదట శ్రుతి. నీ గొంతుకు నప్పిన శ్రుతి సంఘానికి నప్పదు. పాటలో అతి కింది స్వరం సి దగ్గర, అతి పై స్వరం ఆ పై డి దగ్గర ఉండేలా చూసుకో. ఆడవాళ్లూ మగవాళ్లూ ఒక స్థాయి తేడాతో అదే బాణీ పాడతారు, పై ఎఫ్ దాటితే సగంమంది నోరు కదుపుతారు గానీ గొంతు రాదు. అలా జరిగితే కీబోర్డులో రెండు మూడు మెట్లు దించు. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి గొంతులు ఇంకా తెరుచుకోవు, ఇంకో మెట్టు దించినా తప్పులేదు. నడక నిమిషానికి 70 నుంచి 90 దెబ్బల మధ్య ఉంచు. పెద్ద మందిరాల్లో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల వెనక బల్లలవాళ్లు ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా పాడతారు, వేగం పెరిగితే మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. చరణాల మధ్య గిటార్ ముక్క నాలుగు బార్లు, అంటే నాలుగు తాళావర్తాలు, చాలు. చివరి బార్‌లో పల్లవి ఎత్తుగడ స్వరం వినిపించాలి, లేకపోతే ఎప్పుడు అందుకోవాలో వాళ్లకు తెలియదు.

తర్వాత మాట. ఇంగ్లిష్ ట్యూన్ మీద తెలుగు మాటలు కూర్చేటప్పుడు గురులఘువులు, అంటే అక్షరాల పొడవు పొట్టి, చెడతాయి. ‘మరణం’ మొదటి అక్షరాన్ని సాగదీస్తే ‘మారణం’ అవుతుంది, ‘వరము’ను సాగదీస్తే ‘వారము’. ‘రక్షణ’లో రెండో అక్షరం మీద రాగం తీస్తే ‘రక్షాణ’ అని వినిపించి అసలు మాటే పోతుంది. పొడవు స్వరం కింద దీర్ఘాక్షరమో, వత్తున్న అక్షరానికి ముందు అక్షరమో పడాలి. ట్యూన్ లొంగకపోతే ట్యూన్ మార్చు, మాటను విరవకు. ఇంగ్లిష్ పాటల అలవాటుతో పాదాల చివర మాత్రమే ప్రాస వెతుకుతావేమో, మన చెవికి పాదం మొదట్లో రెండో అక్షరం ప్రాస కూడా కావాలి. పుస్తకం లేకుండా పాటను గుర్తుంచేది అదే. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు రాసిన కీర్తనలు ఇప్పటికీ చదువురాని అవ్వలు కూడా పాడుతున్నారంటే ఈ కట్టుబడి వల్లనే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసుకుని, పైన ఇచ్చిన రాగం, తాళం చూస్తూ నెలకు పది కీర్తనలు చేత్తో రాసుకో.

ఒక తప్పు చాలా పాటల్లో దొర్లుతోంది. దేవునితో మాట్లాడుతూ ‘మన పాపములు’ అంటే ఆయన్ను కూడా పాపుల్లో కలిపినట్టే. ఆయనతో అయితే ‘మా’, ఒకరితో ఒకరు పాడుకునేటప్పుడు ‘మన’. ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకటే మాట కాబట్టి అనువాద పాటల్లో ఇది జారిపోతుంది. పల్లవిలో ‘నీవు’ అని మొదలుపెట్టి చరణంలో ‘ఆయన’ అనడమూ అంతే. పాట పూర్తయ్యాక సర్వనామాలన్నిటి కింద గీత గీసి చూసుకో. ఆ తర్వాత మీ పాస్టర్ గారికి ఇచ్చి ప్రతి చరణం పక్కన బైబిల్ వాక్యం రిఫరెన్సు రాయమను. ఆయన పెన్ను ఆగిన చోట నీ పాట బలహీనంగా ఉన్నట్టు.

పాత విద్యను పారేయకు. లివ్‌గ్రెన్ వేళ్ల సాధన కోసం వాయించుకున్న గిటార్ పాఠం భార్య చెవిన పడి, ఆమె మాట మీదే ‘డస్ట్ ఇన్ ద విండ్’ పాట అయింది. నీ రోజువారీ సాధన ఫోన్‌లో రికార్డు చేసి తేదీ వేసి దాచుకో.

పుస్తకానికి తొందర వద్దు. లివ్‌గ్రెన్ మారుమనస్సు పొందిన నాలుగేళ్లకు, 1983లో, కెన్నెత్ బోవాతో కలిసి తన పుస్తకం తెచ్చాడు. కార్న్ అనే అమెరికా రాక్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ వెల్చ్ 2005లో బయటికి వచ్చి 2007కే పుస్తకం తెచ్చాడు, 2013లో మళ్లీ ఆ బ్యాండ్‌లోనే చేరాడు. అది తప్పని నేను అనను. కానీ ‘ఇక జీవితంలో ఆ గడప తొక్కను’ వంటి వాక్యం అచ్చులో ఎక్కించకు, పాత స్నేహితుల ముఖం మీద తలుపు వేసేది కూడా అలాంటి వాక్యమే. పాత జీవితం మూడో వంతు మించకూడదు. తాగుడు, గొడవల అధ్యాయాలే రసవత్తరంగా వస్తే చదివేవాడికి అవే గుర్తుంటాయి. బ్యాండ్‌లో ఎవరి గురించి రాసినా ఆ పేజీలు ముందు వాళ్లకు చూపించు. వాళ్ల తప్పులు ఒప్పుకునే హక్కు నీకు లేదు.

అచ్చు లెక్క ఇదీ. అచ్చు కాగితం ఒక్కో ఫారానికి 16 పేజీలు, అందుకని 120 కాకుండా 128కి సర్దు. మొదట 300 కాపీలు చాలు. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకోవాలి. వాక్యభాగాలు పేజీలకొద్దీ ఇస్తుంటే బైబిల్ సొసైటీకి రాసి అనుమతి తీసుకో. నువ్వు యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే పేజీలు కూర్చే డీటీపీవాళ్లు ‘అను’ అనే తమ ఫాంటులోకి మారుస్తారు, అప్పుడు వత్తులు, అరసున్నలు చెదురుతాయి. అలా మార్చాక ప్రూఫు మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే.

కాగితాల పని కాక, ఈ నెలలో పాట విషయంలో నువ్వు చేయాల్సింది ఒకటే. పల్లవి, ఒక చరణం రాసి, శుక్రవారం కూడికలో వాయిద్యం లేకుండా మూడుసార్లు పాడించు. మూడోసారి నువ్వు ఆపేసి విను. జనం ఏ మాట దగ్గర తగ్గారో, ఏ స్వరం దగ్గర దారి తప్పారో గుర్తుపెట్టి, ఆ కాగితం ఫొటో తీసి పంపు.

నీ క్షేమం కోరే
అన్నయ్య