ఫెడరల్ డబ్బుతో వేసే హైవేలను అమెరికాలో నిజంగా ఎవరు చూస్తారు?

ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలను కలిపే పెద్ద హైవేలు) పనికి సాధారణంగా 90 శాతం ఫెడరల్ డబ్బే కదా, మరి వాషింగ్టన్ మనిషి సైట్‌లో ఒక్కడూ కనబడడేంటని కొందరు అడిగారు. నేను ఒక స్టేట్ డీఓటీ (రాష్ట్ర రవాణా శాఖ) తరఫున కన్సల్టెంట్ ఇన్‌స్పెక్టర్‌గా వంతెన పనులు చూస్తుంటాను. నిజమే, వాళ్లు కనబడడం అరుదు.

ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ ముందుగా చెక్కు రాసివ్వదు. రాష్ట్రమే ముందు కాంట్రాక్టరుకు కట్టి, తర్వాత కేంద్రం వాటా కోసం బిల్లు పెట్టుకోవాలి. కాగితాలు సరిగ్గా లేకపోతే ఆ డబ్బు ఆగుతుంది. వాళ్ల పట్టంతా అక్కడే. ప్రతి రాష్ట్రంలో వాళ్ల డివిజన్ ఆఫీసు ఉన్నా, రోజువారీ పర్యవేక్షణ చాలావరకు ఒప్పందం మీద డీఓటీకే వదిలేస్తారు. 50 కోట్ల డాలర్లు, ఆపైన ఖర్చయ్యే ప్రాజెక్టులకైతే ఏటా ఆర్థిక ప్రణాళిక చూపించాలి.

మా సైట్‌కి డివిజన్ ఇంజనీర్ వచ్చినప్పుడు వంతెన కన్నా ముందు ట్రెయిలర్ బయట నోటీసు బోర్డు చూశాడు. కూలి రేట్లు అంటించారా, తప్పుడు లెక్కలు రాస్తే ఐదేళ్ల దాకా జైలు అనే నోటీసు ఉందా అని. తర్వాత వారంవారం పే రోల్స్, స్టీలు మిల్లు సర్టిఫికెట్లు. అక్కడ దొరికింది ఒక లోడు బోల్టుల సంగతి. ఉక్కు అమెరికాదే, గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా వేసే జింకు పూత) మాత్రం బయటి దేశంలో చేయించారు. ఉక్కు అమెరికాలోనే తయారవ్వాలనే 'బై అమెరికా' రూలు పైపూతకీ వర్తిస్తుంది. మినహాయింపు కాంట్రాక్టు విలువలో 0.1 శాతం లేదా 2,500 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. బోల్టుల ఖరీదు అది దాటింది. కాంట్రాక్టరు ఎంత మొత్తుకున్నా లోడంతా వెనక్కి పోయింది.

అయితే కాగితాన్ని నమ్మే పద్ధతికి కాగితమే లొసుగు. బోస్టన్ నగరం కింద హైవే సొరంగాలు తవ్విన 'బిగ్ డిగ్' ప్రాజెక్టులో ఖర్చు పెరుగుదలను దాచారని బయటపడ్డాక, 2000లో ఫెడరల్ టాస్క్‌ఫోర్స్ ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్‌నే తప్పుపట్టింది, రాష్ట్రానికి దూరంగా నిలబడి చూడలేదని. అదే ప్రాజెక్టులో మిగిలిపోయిన పాత కాంక్రీటుకు టికెట్లు (ట్రక్కుతో వచ్చే డెలివరీ చీటీలు) మార్చి కొత్తదిగా పోసిన సరఫరా కంపెనీ 2007లో నేరం ఒప్పుకొని, 5 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. అందుకే నేను ట్రక్కు రాగానే టికెట్ మీద కాంక్రీటు కలిపిన టైము చూస్తాను. మా స్పెక్ (పని నిబంధనలు) ప్రకారం 90 నిమిషాలు దాటితే తిప్పి పంపేయడమే. డ్రైవరు తిట్టుకుంటాడు, తిట్టుకోనివ్వండి.

మీ దగ్గర జరిగే పని మీద అనుమానముంటే ఫెడరల్ రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ హాట్‌లైన్‌కి చెప్పండి. పేరు చెప్పకపోయినా తీసుకుంటారు. తేదీ, ట్రక్కు నంబరు, ఫొటో ఉంటే ఇంకా మంచిది.