చిటికెన వేలు చెప్పేది ముందు విను

జయనగర్, బెంగళూరు

చిన్నా,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి పదకొండు దాటాక నువ్వు వాట్సాప్‌లో పంపిన మెడ ఎమ్మారై స్కాన్ రిపోర్ట్ ఫోటో చూశాను. దాని కింద "అత్తా, నాకు ఆపరేషన్ తప్పదా?" అని రాశావు చూడు, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో రెండు ముక్కలు చెప్తే నీ గుబులు తీరదని పొద్దున్నే కాఫీ తాగి రాయడానికి కూర్చున్నాను. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లోనే స్కాన్ గదుల్లో టెక్నీషియన్‌గా పనిచేశాను. నేను డాక్టర్ని కాదు, జబ్బు తేల్చి చెప్పడం నా పని కాదు. కానీ ఆ బొమ్మలు ఎలా వస్తాయో, రిపోర్ట్‌లో ఏ మాటకు ఎంత బరువుందో, కవరు విప్పి చదువుకున్నవాళ్ల మొహాలు ఎలా పాలిపోతాయో దగ్గరుండి చూసినదాన్ని.

ముందు ఆ రిపోర్ట్ మడిచి పక్కన పెట్టు. ఒక తెల్లకాగితం తీసుకుని నీ బాధ రాయి. ఏ చెయ్యి, ఏ వేలు, ఏ పని చేస్తుంటే ఎక్కువవుతుంది, ఏం చేస్తే సర్దుకుంటుంది, రాత్రి నిద్ర లేపుతోందా. అంతా రాశాకే మళ్లీ రిపోర్ట్ తెరువు. నా దగ్గరికొచ్చిన తెలిసినవాళ్లందరికీ ఇదే చెప్పేదాన్ని. రిపోర్ట్ ముందు చదివితే మనసు దానికి తగ్గట్టే నొప్పిని వెతుక్కుంటుంది.

పోయిన నెల మా ఇంటికొచ్చినప్పుడు నువ్వు చెప్పింది నాకు బాగా గుర్తుంది. కుడి చెయ్యి. చిటికెన వేలు, దాని పక్క వేలు సగం తిమ్మిరెక్కుతున్నాయన్నావు. లాప్‌టాప్ ముందు గంటసేపు కూర్చున్నా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడినా ఎక్కువవుతుందన్నావు. ఇప్పుడు నీ రిపోర్ట్ ఏమంటోంది? సీ5-సీ6 దగ్గర, అంటే మెడలో ఐదో పూసకూ ఆరో పూసకూ మధ్య దిండులా ఉండే డిస్క్, ఎడమ పక్కకు ఉబ్బింది అంటోంది. నువ్వు చెప్పింది కుడి, అది చెప్పింది ఎడమ. ఇంకో సంగతి కూడా ఉంది. మెడలో పూసలు 7, అక్కణ్నుంచి బయల్దేరే నరాల జతలు 8. సీ5-సీ6 మధ్య నుంచి బయటికొచ్చేది ఆరో నరం. అది బొటనవేలికీ చూపుడువేలికీ పోతుంది. దాని కింద ఏడో నరం నడిమి వేలికి. చిటికెన వేలిది ఎనిమిదో నరం, అది మెడ అడుగున, ఏడో పూస కింద నుంచి వస్తుంది. నీ రిపోర్ట్‌లో అక్కడ ఏమీ లేదని రాసుంది.

అంటే రిపోర్ట్ అబద్ధం చెప్పలేదు. నీ మెడలో ఉన్నదే చెప్పింది. కానీ నీ చేతి తిమ్మిరికీ దానికీ పొత్తు కుదరడం లేదు. మోచేతి వెనక ఎముకకు ఏదైనా తగిలితే కరెంటు కొట్టినట్టు ఝల్లుమంటుందే, అక్కడ చర్మం కిందే పోయే నరం ఒకటుంది. అది కూడా చిటికెన వేలికే వెళ్తుంది. నువ్వు పని చేసేటప్పుడు కుడి మోచెయ్యి టేబుల్ అంచు మీద ఆనించి కూర్చోవడం నేను చూశాను. ఫోన్ పట్టుకున్నప్పుడు మోచెయ్యి మడిచి ఉంచుతావు, అప్పుడూ ఆ నరం సాగి నలుగుతుంది. న్యూరాలజిస్ట్, అదే నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాట నోరు తెరిచి చెప్పు. అవసరమనిపిస్తే ఆయనే నరం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష రాస్తారు. మెడ రిపోర్ట్ ఒక్కటే బల్ల మీద పెట్టి ఊరుకుంటే మాట మెడ చుట్టూనే తిరుగుతుంది.

ఇక నిన్ను భయపెట్టిన మాటల సంగతి. డిస్క్ అంటే బొబ్బట్టు అనుకో. పైన పిండి పొర, లోపల మెత్తటి పూర్ణం. చేత్తో ఒత్తుతుంటే బొబ్బట్టు చుట్టూ కాస్త వెడల్పవుతుంది, దాన్ని బల్జ్ అంటారు. ఒకే పక్కకు ముడిలా పొడుచుకొస్తే ప్రొట్రూజన్. పిండి చిరిగి పూర్ణం బయటికొస్తే ఎక్స్‌ట్రూజన్. ఆ ముక్క తెగి విడిగా పడితే సీక్వెస్ట్రేషన్. చివరి రెండూ వినడానికి ఘోరంగా ఉంటాయి కానీ, అలా బయటపడ్డ ముక్కను ఒళ్లే నెలల మీద మెల్లగా కరిగించుకోవడం చాలామందిలో జరుగుతుంది. ఉత్త బల్జ్ కంటే అవే ఎక్కువగా తగ్గిపోతాయి. ఈ సంగతి తెలియక ఎక్స్‌ట్రూజన్ అన్న మాటకే కుప్పకూలినవాళ్లను చూశాను.

"లాస్ ఆఫ్ లార్డోసిస్" అని రాశారని కంగారు పడ్డావు. మెడకు సహజంగా ఉండే వంపు తగ్గి నిటారుగా కనిపిస్తోంది అని దానర్థం. మెడ కండరాలు బిగుసుకున్నా అలా కనిపిస్తుంది, స్కాన్ బల్ల మీద తల పెట్టించిన తీరు వల్లా కనిపిస్తుంది. "ఇండెంటింగ్ ద థీకల్ శాక్" అంటే వెన్నుపాము చుట్టూ నీళ్లు నిండిన సంచి ఉంటుంది, ఆ సంచికి డిస్క్ తగులుతోంది అని. సంచికి తగలడం వేరు, లోపలున్న వెన్నుపామును నొక్కడం వేరు. నీ రిపోర్ట్ చివర్లో ఒక వాక్యం ఉంది, నువ్వు దాన్ని చదివినట్టు లేదు. వెన్నుపాము సైజూ సిగ్నలూ మామూలుగా ఉన్నాయని. ఈ పేజీ మొత్తంలో నేను ముందుగా వెతికే వాక్యం అదే.

సిగ్నల్ అంటే ఏంటంటావా? ఈ మిషన్ మన ఒంట్లో నీళ్లలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్ నుంచి వచ్చే సంకేతాన్ని పట్టుకుంటుంది. ఎక్స్‌రే లాంటి రేడియేషన్ ఇందులో లేదు. అది తీసే బొమ్మల్లో టీ2 అనే రకంలో నీళ్లు తెల్లగా మెరుస్తాయి. మెడను పక్క నుంచి చూపించే టీ2 ఫిల్మ్ కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడు. పాల ధారలా తెల్లటి చార ఒకటి కిందికి దిగుతుంది, దాని మధ్యలో బూడిద రంగు తాడు. ఆ తాడే వెన్నుపాము. దానికి ముందూ వెనకా తెల్లటి నీళ్ల గీత మిగిలుంటే తాడుకు చోటుందన్నమాట. తాడు లోపలే తెల్ల మచ్చ పడితే అప్పుడు తాత్సారం చెయ్యకూడదు. పూసల మధ్య డిస్కులు వయసులో తేమతో తెల్లగా ఉంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఎండి నల్లబడతాయి. "డెసికేషన్" అంటే అంతే. టీ1లో నీళ్లు నల్లగా, కొవ్వు తెల్లగా వస్తాయి. స్టిర్ అనే ఇంకో రకంలో కొవ్వును ఆర్పేస్తాం, వాపూ చీమూ ఉంటే దీపం పెట్టినట్టు కనిపిస్తాయి. అడ్డంగా కోసినట్టుండే బొమ్మలు పాదాల వైపు నుంచి చూసినట్టు ఉంటాయి కాబట్టి బొమ్మలో ఎడమ పక్కనున్నది నీ కుడి. అది మరిచి ఇంట్లో ఫిల్మ్ చూసి పొరబడకు.

నొప్పి లేనివాళ్ల వెన్నులో ఏముంటుందో తెలిస్తే నీకు సగం భయం పోతుంది. జపాన్‌లో 1,211 మందికి, మెడ బాధ ఏమీ లేనివాళ్లకు, మెడ ఎమ్మారై తీశారు. 87.6 శాతం మందిలో డిస్క్ బల్జ్ కనిపించింది. 2015లో వచ్చిన పరిశోధన అది. అదే ఏడాది ఇంకో చోట, వెన్నునొప్పి లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూశారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం. నీకు ముప్పై నాలుగు. తలలో ఒక తెల్లవెంట్రుక కనిపిస్తే ఆస్పత్రికి పరిగెత్తుతామా?

2017లో వచ్చిన ఇంకో పరిశోధన నేను తరచూ చెబుతుంటాను. నడుమునొప్పి, కాలి నొప్పి ఉన్న 63 ఏళ్ల ఆవిడకు మూడు వారాల్లో పది వేరువేరు సెంటర్లలో స్కాన్ తీయించారు. పది రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు రాశారు. పదింటిలోనూ ఉన్న లోపం ఒక్కటి కూడా లేదు. అందుకే రిపోర్ట్ కాగితం ఒక్కటి పట్టుకుని వెళ్లవద్దంటాను. సీడీ అడిగి తీసుకో, డాక్టర్‌ని బొమ్మలు స్వయంగా చూడమను. రెండో అభిప్రాయం కావాలంటే అదే సీడీ ఇంకో రేడియాలజిస్ట్‌కు చూపిస్తే చాలు, మళ్లీ డబ్బు పోసి స్కాన్ తీయించక్కర్లేదు.

అలాగని స్కాన్‌ను తీసిపారేయమని కాదు నాన్నా. మీ పెదనాన్న సంగతి నీకు పూర్తిగా ఎవరూ చెప్పి ఉండరు. ఆయన హిందూపురంలో ఉన్నప్పుడు నడక తూలడం మొదలైంది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేవాడు. కాళ్లే కదా అని ఓ చోట నడుము స్కాన్ రాశారు. ఆయన వయసుకు ఉండాల్సిన అరుగుదల అంతా అందులో కనిపించింది, దానికే ఎనిమిది నెలలు మందులు వాడారు. ఆ ఏడాది సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు చొక్కా గుండీలు మీ పెద్దమ్మ పెడుతోంది. నాకు ఒళ్లు చల్లబడింది. సంతకం చెయ్యమన్నాను. ఎప్పుడూ ముత్యాల్లా రాసే మనిషి, అక్షరాలు వంకరపోయాయి. వారంలో బెంగళూరు తీసుకొచ్చి మెడ స్కాన్ తీయించాం. కన్సోల్ దగ్గర నేనే ఉన్నాను. మొదటి టీ2 బొమ్మ తెర మీదికి రాగానే కనిపించింది, తాడు నలిగి, నలిగిన చోట తెల్లగా. ఆపరేషన్ అయింది, ఇప్పుడు నడుస్తాడు. వేళ్ల పట్టు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఆ ఎనిమిది నెలలు పోకుండా ఉంటే అన్న బాధ నాకు ఇవాళ్టికీ పోలేదు. బాధ కాళ్లలో ఉన్నా మూలం మెడలో ఉండొచ్చు. చేతులు కూడా మొద్దుబారుతున్నాయా అని అడిగినవాళ్లు లేకపోయారు, ఆయనా చెప్పలేదు.

అందుకే ఇవి మాత్రం గుర్తుపెట్టుకో. గుండీలు పెట్టుకోలేకపోవడం, నడక తూలడం, చెయ్యో కాలో రోజురోజుకూ బలం తగ్గడం. ఒంటేలు ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ లేకపోవడం. ఇవి వస్తే మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి. సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని వెన్నునొప్పి ఉంటే టీబీ కూడా అనుమానించాలి. మన దేశంలో వెన్నుకు టీబీ రావడం అరుదేమీ కాదు. పక్కపక్క రెండు పూసలూ మధ్య డిస్కూ కలిసి తినేసినట్టు కనిపిస్తాయి. ముందే పట్టుకుంటే మందులతో నయమవుతుంది.

మీ అమ్మకు వచ్చే వారం నడుము స్కాన్ అన్నావు కదా. ఆమెకు భయం ఎక్కువ, నువ్వు పక్కనుండు. ఒంట్లో పేస్‌మేకర్, చెవిలో పెట్టిన పరికరం, తలకు ఆపరేషన్ చేసి లోపల పెట్టిన క్లిప్, పాత ఆపరేషన్లో వేసిన రాడ్లు ఏమున్నా ముందే చెప్పాలి. మిషన్ మోగకపోయినా అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. మామూలుగా వాడే 1.5 టెస్లా మిషన్‌కు భూమి అయస్కాంత శక్తి కంటే దాదాపు ముప్పై వేల రెట్లు బలం. గాజులు, మెట్టెలు, జడపిన్నులు, జాకెట్‌కు పెట్టుకున్న పిన్నీసు అన్నీ తీసేయాలి. పుస్తెలు తీయనని మొండికేస్తుంది, నాకు తెలుసు. పసుపుకొమ్ము కట్టిన దారం ఒకటి ఇంటి దగ్గరే సిద్ధం చేసి తీసుకెళ్లు. చాలామంది ఆడవాళ్లకు నేను అదే చేయించాను, మారు మాట్లాడకుండా తీసిచ్చేవాళ్లు. లోపలికి వెళ్లకముందే కళ్లు మూసుకోమను, బయటికొచ్చేదాకా తెరవొద్దను. చేతిలో రబ్బరు బంతి ఇస్తారు, భయమేస్తే నొక్కితే చాలు. చప్పుడు బాగా ఉంటుంది, చెవుల్లో పెట్టుకోవడానికి ఇస్తారు. ఇరవై, ముప్పై నిమిషాలు కదలకుండా ఉంటే బొమ్మ బాగుంటుంది. బొమ్మ ఇంకా తేటగా రావడానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ మామూలు డిస్క్ బాధకు అక్కర్లేదు. ఒకవేళ రాస్తే కిడ్నీ పరీక్ష చూసుకోండి.

ఆవిడ రిపోర్ట్ రాగానే నాకు ఫోటో పంపకు, ముందు ఆవిడ బాధ ఎక్కడో రాసి పంపు. ఏ కాలు, పిక్క దాకానా, బొటనవేలి దాకానా అని.

ఆదివారం మారతహళ్లి నుంచి పొద్దున్నే బయల్దేరు, సిల్క్ బోర్డ్ దగ్గర ఇరుక్కోకుండా వచ్చేయొచ్చు. సీడీ తీసుకురా, మా లాప్‌టాప్‌లో పెట్టి నీ మెడ నీకే చూపిస్తాను. ఫిల్ములు మడవకు, కారులో ఎండలో వదలకు, వేడికి నల్లబడతాయి. ఉగ్గాని, బజ్జీ చేసి పెడతాను. ఈలోపు టేబుల్ అంచున ఒక టవల్ మడిచి పెట్టుకో, కుడి మోచెయ్యి ఉత్త అంచు మీద ఆనించకు.

మీ అత్తయ్య