ఏం పేరమ్మా అది అంటున్నారు!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పిల్లల పేర్ల మీదే. అందుకని చీరల మీద మరకలు, అత్తాకోడళ్ళ పంచాయితీలు పక్కన పెట్టి (రెండోది పూర్తిగా పక్కన పెట్టడం కుదరలేదు, చూస్తారుగా) ఈ సంగతే చూద్దాం.

ప్రశ్న: అక్కా, మాది మధురవాడ. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. ఈ మధ్యే బాబు పుట్టాడు. 'ఇవాన్ష్' అని పెట్టాలనుకున్నాం. మా అత్తయ్యగారిది చోడవరం దగ్గర పల్లె. సింహాచలం అప్పన్నకి మొక్కు ఉంది, 'అప్పలనరసింహ' అని పెట్టకపోతే ఒప్పుకోను అంటున్నారు. ఇవాన్ష్ ఏం పేరు, నోరు తిరగట్లేదు అని నా ముందే చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెబుతున్నారు. మా ఆయన ఎవరి వైపూ మాట్లాడరు. 21వ రోజున బారసాల. నాకు నిద్ర పట్టట్లేదు.

జవాబు: ముందు ఆ 21వ రోజు టెన్షన్ తీసెయ్యమ్మా. చట్టం 21 రోజుల్లో చెయ్యమనేది పుట్టుక నమోదు, అంటే ఫలానా రోజు ఫలానా దంపతులకి మగబిడ్డ పుట్టాడని రాయించడం. పేరు లేకుండా కూడా అది అవుతుంది. పేరు తర్వాత చేర్పించుకోవచ్చు, ఏడాదిలోపు అయితే ఫీజు లేదు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ దాకా వీలుంది. అలాగని నాన్చకండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడిలో చేరడం దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్స్, ఓటు దాకా పుట్టిన తేదీకి ఆ జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో ఏ అక్షరాలు పడితే వాడు జీవితమంతా వాటితోనే తిరగాలి. కాబట్టి బారసాల రోజు అలిగి ఒకరు ఒకటి, మర్నాడు ఆఫీసులో ఇంకొకరు ఇంకొకటి రాయించే పని మాత్రం పెట్టుకోకండి.

ఇక పేరు. ఇవాన్ష్ అనే పేరు నీకు ఎక్కడ దొరికిందో ఊహించగలను. ఆ వెబ్‌సైట్లలో మగపిల్లాడి పేరైతే విష్ణువు, ఆడపిల్ల పేరైతే లక్ష్మి, రెండూ కాకపోతే తొలి సూర్యకిరణం అని అర్థం రాసి ఉంటుంది. శబ్దరత్నాకరం నిఘంటువు తీసి చూడు, లేదా ఫోన్లోనే ఆంధ్రభారతి నిఘంటువుల సైట్‌లో వెతుకు. దొరక్కపోతే దొరకలేదని తెలిసే పెట్టుకో, తప్పేం లేదు, అర్థం లేని పేరు పెట్టకూడదని ఎక్కడా రూలు లేదు. నేను చూసేది వేరే. వాణ్ని రోజుకి వందసార్లు పిలవబోయేది ఎవరు? మీరిద్దరూ లాప్‌టాప్‌ల ముందు కూర్చుంటే పిల్లాణ్ని ఎత్తుకునేది అత్తయ్యగారే కదా. హల్లుతో ఆగిపోయే పేరు ఆవిడ నోట ఆగదు, చివర ఉకారం చేరుతుంది, షకారం సకారమవుతుంది, నెల తిరిగేసరికి మీ వాడు 'ఇవాన్సు' అయి కూర్చుంటాడు. నీకది ముద్దుగా అనిపిస్తే ఇవాన్ష్ అనే పెట్టుకో. విన్నప్పుడల్లా చిరాకు పడేదానివైతే ఇప్పుడే ఆలోచించు.

అత్తయ్యగారి దగ్గర కూర్చుని ఒక్క మాట అడుగు, మొక్కు ఆ పేరు పెడతానని మొక్కుకున్నారా, స్వామి పేరు పెడతానని మొక్కుకున్నారా అని. ఎక్కువగా రెండోదే అయి ఉంటుంది. అప్పుడు దారి బోలెడంత. అప్పన్న ఏడాది పొడవునా చందనంలోనే ఉంటాడు, అక్షయతృతీయ ఒక్కరోజే నిజరూపం. 'చందన్' అని పెడితే నీ ఆఫీసులో ఎవరూ కనుబొమ్మలు ఎగరెయ్యరు, ఆవిడకి మొక్కు తీరుతుంది, పైగా పలకడానికి సుఖం. నృహరి ఉంది, ప్రహ్లాద్ ఉంది. ఇవేవీ నచ్చకపోతే బియ్యంలో ఆవిడ చెప్పిన పేరూ రాయించండి, సర్టిఫికెట్‌లో మీరు అనుకున్న పేరు రాయించండి. మన పద్ధతిలో బిడ్డకి ఒకే పేరు ఉండాలని ఎవరూ అనలేదు, పంతులుగారు పళ్ళెంలో రాయించేదే మూడు నాలుగు పేర్లు. అన్నీ కలిపి ఇంటిపేరుతో సహా 'వెంకట అప్పలనరసింహ ఇవాన్ష్' అని సర్టిఫికెట్‌కి ఎక్కించే రాజీ మాత్రం వద్దు. రేపు వాడు ఓఎంఆర్ షీట్లో గళ్ళు నింపుతూ మిమ్మల్నిద్దర్నీ తిట్టుకుంటాడు.

మీ ఆయన్ని కూడా ఒకసారి నోరు విప్పమను. కొడుకు ఆయనకీ కొడుకే.

ప్రశ్న: మేడం, నా పేరు తవిటినాయుడు. ఊరు బొబ్బిలి దగ్గర, ఉండేది కంచరపాలెంలో. డిగ్రీ అయింది, ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మొన్న ఒక ఇంటర్వ్యూలో నా పేరు చదివి ఇద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఇంట్లో అడిగితే తాత పేరు అంటారు. మార్చుకుంటే మంచిదేనా?

జవాబు: తమ్ముడూ, ఆ ఇద్దరికీ తెలియనిది నువ్వు తెలుసుకో. టీకాలు, యాంటీబయాటిక్‌లు లేని రోజుల్లో వరసగా పిల్లలు పోతున్న ఇంట్లో బిడ్డ పుడితే, తల్లి ఆ బిడ్డని పొరుగావిడకి చేటెడు తవుడికి అమ్మేసి మళ్ళీ తెచ్చుకునేది. ఈ బిడ్డ విలువ తవుడే, దీని జోలికి రాకు అని మృత్యువుకి చెప్పడమన్నమాట. అలా వచ్చినవే తవుడు, తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటయ్య, తిని పారేసిన పుల్లాకుల మీద వేసి తెచ్చుకుంటే పుల్లయ్య. మీ తాతకో, ఆయన తాతకో ముందు ఆ ఇంట్లో ఎందరు పిల్లలు పోయారో మనకి తెలియదు గానీ, ఆ పేరున్నవాడు బతికి బట్టకట్టాడు, కాబట్టే నువ్వు ఇంటర్వ్యూకి వెళ్ళావు. ఒక బిడ్డని దక్కించుకోవడానికి పెట్టిన పేరుకీ, వెబ్‌సైట్లో చూసి పెట్టిన పేరుకీ తేడా ఉంది. నా ఓటు ఎటో నీకు అర్థమయ్యే ఉంటుంది.

అయినా మోసేవాడివి నువ్వు, నేను కాదు. మార్చుకోవడం నీ హక్కే. అఫిడవిట్, పేపర్లో ప్రకటన, గెజిట్ ఇవన్నీ అయ్యాక ఆధార్, పాన్, బ్యాంకు ఒక్కొక్కటిగా మార్చుకోవాలి. అసలు తలనొప్పి చదువు సర్టిఫికెట్లతో, ముఖ్యంగా పదో తరగతిది, ఎవరైనా ముందు అడిగేది దాన్నే. ఉద్యోగం వెతుక్కుంటూ రెండు పేర్లతో తిరగడం అంత సుఖంగా ఉండదు. అందాకా రెజ్యూమెలో 'టి. నాయుడు' అని వేసుకో, అది అబద్ధం కాదు. ఉద్యోగం వచ్చి కుదురుకున్నాక కూడా మార్చుకోవాలనే అనిపిస్తే అప్పుడు మార్చుకో. ఆ నవ్విన ఇద్దరి కోసమైతే మాత్రం వద్దు.

ప్రశ్న: అమ్మా, నేను స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు సీతమ్మధారలో అపార్ట్‌మెంట్. సాయంత్రం తల్లులు కిందికి చూసి పిల్లల్ని పిలుస్తుంటే శ్రీయాన్ష్, రేయాన్ష్, దివ్యాన్ష్, అయాన్ష్, ఎవరు ఎవరో తెలియట్లేదు. మన పేర్లకి ఏం రోగం వచ్చింది? అడిగేవాళ్ళు లేరా?

జవాబు: బాబాయ్‌గారూ, మీ డిపార్ట్‌మెంట్‌లో అప్పారావులు ఎందరుండేవారు? పెద్ద అప్పారావు, పొట్టి అప్పారావు, క్రేన్ అప్పారావు అని పిలుచుకోలేదూ? అప్పలరాజు, పైడిరాజు, నూకరాజు చెప్పనే అక్కర్లేదు. సింహాచలం అనే పేరైతే మగో ఆడో కూడా మనిషిని చూస్తే గానీ తెలియదు. మీరు వాటిని వింతగా అనుకోలేదు, ఎందుకంటే ఆ పేర్లిచ్చిన దేవుళ్ళు అప్పన్న, పైడితల్లి, నూకాలమ్మ మన చుట్టూ ఉన్నారు. ఇదే పేర్లు పట్టుకుని కడప వెళ్తే మళ్ళీ ఇంకోసారి చెప్పమంటారు.

ప్రతి తరానికీ ఒక గాలి. స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో ఆడపిల్లలకి స్వరాజ్యం అని పెట్టారు, తెలంగాణ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం గారి పేరు అలాంటిదే. మగపిల్లలకి గాంధీ, బోసు. కమ్యూనిస్టుల ఇళ్ళల్లో లెనిన్, స్టాలిన్. అప్పటి తాతలు "ఇదేం పేరురా" అనే ఉంటారు. తర్వాత రమేష్, సురేష్, మహేష్, వాళ్ళ పక్కన సునీత, స్వప్న. వాళ్ళకి పుట్టినవాళ్ళంతా సాయి ఏదో ఒకటి. ఆ తర్వాత రిత్విక్, సాత్విక లాంటి విక్‌లూ, వికలూ. ఇప్పుడు ఆన్ష్. పైగా మన ఊరికి నేవీ, రైల్వే, పోర్టు, మీ స్టీల్‌ప్లాంటు అన్ని రాష్ట్రాలవాళ్ళనీ తెచ్చి పెట్టాయి. క్వార్టర్స్‌లో కింద ఒడియావాళ్ళు, పైన బెంగాలీవాళ్ళు ఉంటే పేర్లు గోడ దాటకుండా ఉంటాయా? మీ పిల్లల పేర్లు ఏమిటో మీరు రాయలేదు, రాసి ఉంటే ఇంకొంచెం గట్టిగా మాట్లాడేదాన్ని.

మీ కోపంలో నేను ఒప్పుకునేది ఒకటుంది. ఎవరికీ లేని పేరు కావాలని వెతికి వెతికి అందరూ ఒకే చోటికి చేరడం. ఎవరికీ లేని పేరే కావాలంటే ఇప్పుడు వైజాగ్‌లో పుట్టిన పిల్లాడికి నూకరాజు అని పెట్టాలి, క్లాసులో ఒక్కడే ఉంటాడు. అడిగేవాళ్ళు అంటారా, ఐస్‌లాండ్‌లో కొత్త పేరు పెట్టాలంటే ఒప్పుకోవడానికి ప్రభుత్వ కమిటీ ఉంది, న్యూజిలాండ్‌లో 'కింగ్' లాంటి బిరుదు పేర్లు పెడతామంటే నమోదు చెయ్యరు. మనకి అలాంటి కమిటీ లేదు, ఆ పని పెదనాన్నలూ మేనత్తలూ జీతం లేకుండా చేస్తున్నారు.

ప్రశ్న: మా పాపది హస్త నక్షత్రం మూడో పాదం. 'ణ'తో పేరు పెట్టాలట. ణతో పేర్లు చెప్పగలరా? (గాజువాక నుంచి ఒక తండ్రి)

జవాబు: లేవు బాబూ, ఎవరైనా చెబితే అప్పటికప్పుడు కల్పించి చెప్పినట్టే. 27 నక్షత్రాలు, నాలుగేసి పాదాలు, మొత్తం 108 అక్షరాలు పంచేసరికి ఇలాంటివి కొన్ని మిగిలాయి. ఆరుద్ర మూడో పాదం వాళ్ళకి 'ఙ' వచ్చింది, వాళ్ళ కంటే మీరే నయం. నక్షత్ర నామం వేరు, వాడుక పేరు వేరు అని మన పెద్దలే రెండుగా పెట్టారు. పంతులుగారిని అడిగితే అదే నక్షత్రంలో మరో పాదం అక్షరం చెబుతారు. 'పూ' ఉందిగా, పూర్ణిమ, పూర్వి, పూజిత. నచ్చింది పెట్టుకోండి.

ప్రశ్న: న్యూమరాలజీ ప్రకారం మా బాబు పేరులో ఇంగ్లిష్‌లో రెండు 'ఏ'లు, ఒక 'హెచ్' అదనంగా వెయ్యమన్నారు. వెయ్యమంటారా? (అక్కయ్యపాలెం)

జవాబు: వేసుకోండి, కాకపోతే జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, బడి రిజిస్టర్‌లో, పాస్‌పోర్ట్‌లో అన్నిచోట్లా అవే రెండు 'ఏ'లు, అదే 'హెచ్' ఉండాలి. ఎక్కడో ఒకచోట గుమాస్తాగారు మామూలుగా రాసేస్తారు, అప్పుడు మీ అదృష్ట సంఖ్య క్యూలో నిలబడాలి. నన్నడిగితే ఆ హెచ్ వద్దు.

ప్రశ్న: పాపకి 'విశాఖ' అని పెట్టాలని నాకు ఆశ. ఊరి పేరు పెడతావా అని మా వదినలు నవ్వుతున్నారు. (ఎం.వి.పి. కాలనీ)

జవాబు: భద్రాచలం, అన్నవరం, తిరుపతి, కాశీ, సింహాచలం, ఇవన్నీ పేర్లైనప్పుడు ఇది ఎందుకు కాదమ్మా? నక్షత్రం పేరు కూడా. పలకడానికి హాయిగా ఉంది, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయడం సులువు, అత్తయ్యకీ అమ్మమ్మకీ నోరు తిరుగుతుంది. వదినలు నవ్వినా సరే, పెట్టేయ్. కాలేజీకి వచ్చాక ఫ్రెండ్స్ 'విశాఖ ఎక్స్‌ప్రెస్' అని ఏడిపిస్తారు, అది మాత్రం నువ్వు ఆపలేవు.