నాన్నను హాస్పిస్‌లో చేర్పిస్తే రేపు కేసవుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. పాంక్రియాస్ క్యాన్సర్ లివర్‌కు పాకింది. ఇక కీమో వల్ల ఒరిగేదేమీ లేదని, హాస్పిస్ కేర్ (నయం కాని జబ్బు చివరి దశలో బాధ తగ్గించే సేవ) చూసుకోమని డాక్టర్ చెప్పారు. వాళ్లు ఇంటికొచ్చి చూసే పద్ధతి ఒకటి, సెంటర్‌లోనే ఉంచుకునే పద్ధతి ఇంకొకటి ఉన్నాయట. నాకు, అమ్మకు అదే మంచిదనిపిస్తోంది. విదేశంలో ఉన్న అన్నయ్య మాత్రం ‘వైద్యం మాన్పించి నాన్నను చంపేస్తారా, సంతకం పెట్టినవాళ్ల మీద కేసు పెడతా’ అంటున్నాడు. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాదకద్రవ్యమని, అది ఇంట్లో ఉంటే పోలీసులతో ఇబ్బందేనని ఇంకొకరు భయపెట్టారు. సంతకం నేను పెట్టాలా, అమ్మ పెట్టాలా, అన్నయ్య కూడా ఒప్పుకోవాలా? కోర్టు అనుమతి తీసుకోవాలా? నాన్న స్పృహలోనే ఉన్నారు, మాట్లాడుతున్నారు, కానీ జబ్బు పేరు కూడా ఆయనకు మేమింకా చెప్పలేదు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది. – ఒక కూతురు

జవాబు: అమ్మా, ముందు మీ అన్నయ్య అన్న మాట సంగతి తేల్చేద్దాం. నయం కాని జబ్బు చివరి దశలో ఉన్న మనిషికి నొప్పి, ఆయాసం, వాంతులు తగ్గేలా మందులిచ్చి చూసుకోవడం కూడా వైద్యమే. దానికి కోర్టు అనుమతి అక్కర్లేదు. పోలీసులకు చెప్పాల్సిన పనీ లేదు. కేసు పెడతానని ఎవరైనా అనొచ్చు, కానీ కేసు నిలవాలంటే అందులో నేరం అంటూ ఒకటి ఉండాలి కదా.

మీ అన్నయ్య రెండు వేరు వేరు సంగతులను కలిపేస్తున్నారు. ప్రాణం తీయడం కోసమే ఇంజెక్షన్ ఇవ్వడం మన దేశంలో నేరం. రోగి స్వయంగా బతిమాలినా నేరమే. ఫలితం లేని వైద్యాన్ని వద్దనుకుని, బాధ తగ్గించే వైద్యాన్ని ఎంచుకోవడం వేరు. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ తేడాను విడమరచి చెప్పింది. గౌరవంగా కన్నుమూయడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. తెలివిలో ఉన్న పెద్దవాళ్లెవరైనా తమకు వద్దనుకున్న వైద్యాన్ని వద్దనవచ్చని కూడా స్పష్టం చేసింది. ఆ తీర్పు కాపీ మీ అన్నయ్యకు పంపండి. వాదన పెట్టుకోవడం కంటే అది నయం.

మార్ఫిన్ భయం మీ ఒక్కరిదే కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎంత కఠినంగా ఉండేదంటే, చాలా ఆసుపత్రులు లైసెన్సుల గొడవ పడలేక మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. నొప్పితో మెలికలు తిరిగే రోగికి అది దొరక్కుండా పోయింది. 2014లో ఆ చట్టాన్ని సవరించారు. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ సహా కొన్నింటిని అత్యవసర మాదకద్రవ్యాల జాబితాలో చేర్చి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు ఒకే అనుమతితో వాటిని తెచ్చి రోగులకు ఇచ్చే వీలు కల్పించారు. అందుకని మీరు చేయాల్సింది చిన్న పనే. చేరే ముందు ఆ హాస్పిస్‌కు ఈ గుర్తింపు ఉందా అని అడగండి. మందు ఇంటికి తెచ్చుకుంటే డాక్టర్ చీటీ, వాళ్లు ఇచ్చిన రసీదు మందు సీసాతో పాటే ఒక కవర్లో ఉంచండి. ఏ పూట ఎంత ఇచ్చారో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. మిగిలిన మందును పక్కింటివాళ్లకు ఇవ్వకండి, వాళ్లకూ అదే నొప్పి ఉన్నా సరే. వాడగా మిగిలింది సంస్థకే తిరిగి ఇచ్చేయండి.

‘మార్ఫిన్ ఇస్తే తొందరగా పోతారు’ అని కూడా ఎవరో ఒకరు అంటారు. చంపే ఉద్దేశం లేకుండా, రోగి సమ్మతితో, అతని మేలు కోరి మంచి మనసుతో చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 26వ సెక్షన్ చెబుతోంది. పాత శిక్షాస్మృతిలో ఇది 88వ సెక్షన్. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ కూడా, నొప్పితో బాధపడే రోగికి ప్రమాదమని తెలిసీ ఆపరేషన్ చేసే సర్జన్‌దే. డాక్టర్ రాసిన మోతాదు ప్రకారం మందు ఇచ్చే కూతురికి భయపడాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరమంతా సంతకం మీరు పెట్టాలా, అమ్మ పెట్టాలా, అన్నయ్య ఒప్పుకోవాలా అన్నదాని చుట్టూనే తిరిగింది. చట్టం ముందు అడిగే ప్రశ్న వేరు: మీ నాన్నగారిని అడిగారా? ఆయన స్పృహలో ఉన్నారు, మాట్లాడుతున్నారు, చెప్పింది అర్థం చేసుకోగలరు. అలాంటప్పుడు సంతకం పెట్టే హక్కు ఆయనదే. మీది కాదు, మీ అమ్మగారిదీ కాదు, అన్నయ్యది అసలే కాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. స్పృహలో ఉన్న పెద్దవాళ్ల తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం కూడా చెల్లదంది. ప్రాణాపాయంలో అత్యవసర వైద్యం ఒక్కటే దానికి మినహాయింపు.

మన ఇళ్లలో జబ్బు పేరు దాచడం ప్రేమతోనే జరుగుతుందని నాకు తెలుసు. డాక్టర్ల నియమావళి కూడా రోగి పరిస్థితి రోగికో, బంధువులకో తెలియాలని మాత్రమే అంటుంది, కాబట్టి ఇన్నాళ్లూ మీకు చెప్పినందుకు డాక్టర్‌ను తప్పు పట్టలేం. కానీ పరిస్థితి తెలియని మనిషి దేనికి అంగీకరించినట్టు? కీమో ఆపుతున్నారని, చోటు మారుస్తున్నారని ఆయనకు ఎలాగూ తెలుస్తుంది. అన్నీ ఒక్కసారే గుమ్మరించమని నేననను. హాస్పిస్ డాక్టర్లు, కౌన్సిలర్లు ఈ మాట ఎలా మొదలుపెట్టాలో మనకంటే బాగా తెలిసినవాళ్లు, వాళ్ల సాయం తీసుకోండి. ‘మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?’ అని వాళ్లు అడుగుతారు. ఒకవేళ ఆయన ‘నాకేమీ చెప్పొద్దు, అమ్మాయి చూసుకుంటుంది’ అంటే అదీ ఆయన హక్కే. ఆ మాటను డాక్టర్ చేత కేస్ షీట్‌లో తేదీ వేసి రాయించండి. రేపు మీ అన్నయ్య ఏ కాగితం ముందు పెట్టినా ఈ ఒక్క వాక్యం మీకు అక్కరకు వస్తుంది.

ఆయన మాట్లాడగలిగే రోజుల్లోనే లివింగ్ విల్, అంటే తాను చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రం, రాయించుకోవడం మంచిది. 2018 తీర్పులో దీనిపై మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు. ఆ నిబంధన వల్ల ఆచరణలో దాదాపు ఎవరికీ అది అందలేదు. 2023 జనవరి 24న సుప్రీంకోర్టు దాన్ని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరిస్తే చాలు. సాక్షులు బంధువులు కాకపోతే మేలు. భాష మామూలుగానే ఉండాలి: ‘నాకు నయం కాని జబ్బు ఉందని, నేను నిర్ణయం చెప్పలేని స్థితికి చేరానని డాక్టర్లు తేల్చితే నన్ను వెంటిలేటర్ మీద పెట్టవద్దు. నొప్పి తగ్గించే మందులు మాత్రం ఆపవద్దు.’ ఈ రెండో వాక్యం చాలామంది మరిచిపోతారు. తన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు కూడా అందులో ఉండాలి. ఒకరికంటే ఎక్కువమందిని రాయొచ్చు. నన్నడిగితే మీ పేరుతో పాటు మీ అన్నయ్య పేరు కూడా పెట్టించండి. ఫోన్లో అరిచే మనిషికి బాధ్యత అప్పగిస్తే గొంతు తగ్గడం నేను చాలా కేసుల్లో చూశాను.

ఈ కాగితం ఆయన మాట్లాడగలిగినంత కాలం పనిచేయదు, అప్పటివరకు ఆయన నోటిమాటే చెల్లుతుంది. స్పృహ తప్పాక, ఐసీయూలో ఉండి వెంటిలేటర్ లాంటి ప్రాణాధార వైద్యాన్ని పెట్టకుండా ఉండాలా, పెట్టింది తీసేయాలా అన్న ప్రశ్న వస్తేనే దానితో పని. అప్పుడు వైద్యం చేస్తున్న డాక్టర్, ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులతో ఆసుపత్రి ఒక బోర్డు వేస్తుంది. ఆ తర్వాత జిల్లా వైద్యాధికారి సూచించిన డాక్టర్ ఉండే రెండో బోర్డు చూస్తుంది. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. నిర్ణయం అమలు చేసే ముందు మేజిస్ట్రేట్‌కు ఆసుపత్రి సమాచారం ఇస్తుంది. లివింగ్ విల్ లేకపోయినా దగ్గరి బంధువుల అంగీకారంతో ఇదే పద్ధతి నడుస్తుంది. అక్కడ అన్నాచెల్లెళ్లు చెరో మాట అంటే ఆసుపత్రి చేతులు ముడుచుకుని కూర్చుంటుంది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లినా వెళ్లొచ్చు. మీ అన్నయ్యకు నిజంగా అడ్డుపడే వీలు ఉండేది ఆ చోటే. అందుకే ఆయన పేరు ముందే రాయించమన్నాను.

డిశ్చార్జ్ దగ్గర జాగ్రత్తగా ఉండండి. చివరి దశలో రోగిని తీసుకెళ్తామంటే ఆసుపత్రి సిబ్బంది అలవాటుగా ఒక ఫారం ముందుకు తోస్తారు. డాక్టర్ సలహాకు విరుద్ధంగా మా సొంత బాధ్యతపై తీసుకెళ్తున్నాం అని దాని సారాంశం. ఆసుపత్రి భాషలో దాన్ని ‘లామా’ అంటారు. మీ విషయంలో అది అబద్ధం, ఎందుకంటే హాస్పిస్‌కు వెళ్లమన్నదే డాక్టర్. ఆ ఫారం మీద సంతకం పెట్టకండి. ‘తదుపరి పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే వైద్యం) కోసం రిఫర్ చేస్తున్నాం’ అని డిశ్చార్జ్ సమ్మరీలో రాయమని మర్యాదగానే, కానీ గట్టిగా అడగండి. మీ అన్నయ్య చేసే ‘వైద్యం మాన్పించారు’ అనే ఆరోపణకు ఆ ఒక్క వాక్యమే జవాబు. రికార్డుల కాపీలు రాతపూర్వకంగా కోరితే 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్ల నియమావళిలోని మాట.

ఇల్లా, సెంటరా అన్నది చట్టం తేల్చేది కాదు. మీ అమ్మగారి ఆరోగ్యం, రాత్రిళ్లు చూసుకునే మనిషి ఉన్నారా లేదా అన్నవే తేల్చాలి. కొన్నాళ్లు ఇంట్లో ఉండి, నొప్పి అదుపు తప్పినప్పుడు సెంటర్‌లో చేరి, మళ్లీ ఇంటికి రావొచ్చు. ఇష్టం లేకపోతే మానుకుని ఆసుపత్రికి తిరిగి వెళ్లడానికీ అడ్డు లేదు. చేరేటప్పుడు ఇచ్చే ఒప్పంద పత్రంలో ఈ రాకపోకలకు వీలుందో లేదో చదవండి. అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో, ఇంట్లో పోతే మరణ కారణ పత్రం ఆ డాక్టర్ ఇస్తారో లేదో అడగండి. చాలామంది ఈ చివరి ప్రశ్న మొహమాటంతో వదిలేస్తారు.

డబ్బు సంగతి. బీమా పాలసీని నమ్ముకుని సెంటర్‌లో చేర్చకండి. పాలసీల్లో ‘ఆసుపత్రి’కి ఇచ్చే నిర్వచనం ప్రకారం అది ఆసుపత్రిగా రిజిస్టర్ అయి ఉండాలి, లేదంటే సొంత ఆపరేషన్ థియేటర్, పట్టణాన్ని బట్టి 10 లేదా 15 పడకలు లాంటివి ఉండాలి. ఆసుపత్రిగా రిజిస్టర్ కాని హాస్పిస్‌లో ఆపరేషన్ థియేటర్ ఎందుకుంటుంది? క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు అది చాలు. చేరకముందే బీమా కంపెనీకి ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ప్రభుత్వ వైపు చూస్తే, ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాలు అందించాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల, పాలియేటివ్ సేవలు కూడా ఉన్నాయి. మీ దగ్గరి కేంద్రంలో, పెద్ద ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో విచారించండి. ఖర్చు మీ ఒక్కరి నెత్తినే పడితే, తల్లిదండ్రుల పోషణ చట్టం 2007 ప్రకారం వైద్యం ఖర్చు కూడా పోషణ కిందికే వస్తుంది. కొడుకులకూ కూతుళ్లకూ బాధ్యత సమానమే. ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు మీ నాన్నగారు వెళ్లొచ్చు. ఈ దశలో అంతదాకా వెళ్లమని మాత్రం నేను చెప్పను.

బ్యాంకు, ఆస్తి పనులకు జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) రాయించుకుంటే చాలనుకుంటారు చాలామంది. జీపీఏ ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోయినా, చనిపోయినా అది రద్దయిపోతుంది. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ అది. అంటే సరిగ్గా అవసరమైన రోజునే అది పనికిరాదు. కోమాలోకి వెళ్లినవాళ్లకు సంరక్షకుణ్ణి నియమించే చట్టమంటూ మనకు విడిగా లేదు, హైకోర్టులో రిట్ వేసుకోవాలి. కాబట్టి ఖాతాలను అమ్మగారితో జాయింట్‌గా మార్చడం, నామినీ పేర్లు చూసుకోవడం ఇప్పుడే చేయండి. వీలునామా రాస్తానని ఆయన అంటే ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి, ఆయన కదల్లేకపోతే దరఖాస్తు మీద సబ్ రిజిస్ట్రారే మంచం దగ్గరికి వస్తారు. ఆయన మతి సరిగా ఉందని అదే రోజు డాక్టర్ చేత రాయించుకోండి. మార్ఫిన్ మత్తులో సంతకం పెట్టించారని అనేవాళ్లు తర్వాత తప్పకుండా వస్తారు.

చివరిగా, మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఇంట్లో కన్నుమూస్తే పోలీసులు రావాల్సిన పని లేదు, పోస్ట్‌మార్టం అవసరం లేదు. అవి అసహజ, అనుమానాస్పద మరణాలకే. చివరి రోజుల్లో చూసిన డాక్టర్ మరణ కారణ పత్రం ఉచితంగా ఇవ్వాలని జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. దాంతో 21 రోజుల్లోపు స్థానిక రిజిస్ట్రార్‌కు తెలియజేస్తే మరణ ధ్రువపత్రం వస్తుంది. సెంటర్‌లో అయితే ఆ సమాచారం పంపే బాధ్యత వాళ్లదే.